బాపు ఢోలక్, నా వాల్యూమ్

నవ్వితే నవ్వుండ్రి గని, మొన్న శనివారం పొద్దుగూకంగ మా సంతోష్‌నగర్ గల్లీల అరవై మంది ముంగట నేను చేసిన పని పగోడు గూడ చేయడు. చాయ్ తాగుండ్రి, చెప్త.

మా బాపు పోయి ఏడాదైంది. ఇంటి ముంగట టెంటు ఏసి జ్ఞాపకార్థ కూడిక పెట్టినం. పాస్టరయ్య, చుట్టాలు, చర్చోళ్లు, గల్లీవోళ్లు అందరొచ్చిండ్రు. బాపు ఫ్యాక్టరీల ఫిట్టర్. ఆదివారమొస్తే చర్చిల ఢోలక్. నాకు బుద్ధి తెలిసినప్పటి సంది పాటలోళ్ల పక్క కుర్చీ ఆయనదే.

నా సంగతి మీకు తెలుసు. ఫంక్షన్లల్ల ఎలక్ట్రానిక్ డ్రమ్స్ కొడత. రబ్బరు ప్యాడ్లు, వాటి పక్కకు సౌండ్ పుట్టించే చిన్న డబ్బా. ఆ డబ్బా కొన్నంక చర్చిల గూడ కొట్టుడు మొదలుపెట్టిన. రెండేండ్లు బాపు, నేను పక్కపక్కనే. ఆయనకు మైకు లేదు. నాకు రెండు పెద్ద స్పీకర్లు! ఒకనాడు ఆరాధన అయినంక, "నీ డబ్బా లొల్లిల నా ఢోలక్ నాకే ఇనస్తలేదురా" అన్నడు. "టెక్నాలజీ బాపూ, ఏం చేస్తం" అన్న. నవ్విండు. తర్వాత నెల నుంచి పోయి ఎనక బెంచీల కూసున్నడు. నడుము నొస్తుందేమో అనుకున్న. చూడుండ్రి నా తెలివి!

ఆయనకు పానం బాగలేనప్పుడు, ఇంట్లనే ఆయన ఢోలక్ దెబ్బలు ఒక్కొక్కటి రికార్డు చేసుకున్న. ఎందుకంటే నాకు ఢోలక్ రాదు. నేర్పిస్తనంటే టైం లేదని తప్పించుకుంటుంటి. ఆ దెబ్బలు ల్యాప్‌టాప్ల ఉన్న సాఫ్ట్‌వేర్‌ల పెడితే, నేను ప్యాడ్ మీద కొట్టినప్పుడల్ల బాపు ఢోలక్ మోగుతది. కూడికకు గిదే నా ప్లాన్. అమ్మ అడిగింది గూడ గదే. "ఒక్కసారి మీ బాపు ఢోలక్ ఇనాలెరా, ఏడాదాయె" అన్నది. అమ్మ నన్ను ఎన్నడు ఏది అడగదు. అడిగింది గిదొక్కటే.

నాలుగు దినాలు కూసున్న. ప్యాడ్ కొడితే రెండు సౌండ్లొస్తయి. డబ్బా సొంత సౌండొకటి, ల్యాప్‌టాప్‌ల నుంచి బాపు సౌండొకటి. రెండింటి లెవెల్ సరిజేయాలె. చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకొని, డబ్బా సౌండ్‌ను బాగ కిందికి గుంజి, బాపును మీదికి ఎక్కించిన. మస్తు మీదికి! ఇన్నేండ్లు ముంచిన గదా, ఈసారి ఆయనే ఇనవడాలె అని. అరే, ఏం సౌండ్ వచ్చింది! ఒక్కన్నే కూసొని ఏడ్చిన.

శనివారమొచ్చింది. పాస్టరయ్య ప్రార్థన చేసి, "ఇప్పుడు మన అన్న ఢోలక్‌ను ఆయన కొడుకు ఇనిపిస్తడు" అన్నడు. అమ్మ మొదటి వరుసల, కొంగు నెత్తి మీదికి సరిజేసుకొని కూసుంది. మైకుసెట్ సలీం భాయ్‌ది. మొఘల్‌పురాల ఉంటడు, బాపుకు పాత దోస్తు. చర్చోళ్లు బాపుకిష్టమైన కీర్తన ఎత్తుకున్నరు. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకొని మొదలువెట్టిన.

చెవుల నిండ బాపు! కండ్లు మూసుకొని కొట్టిన. కొద్దిసేపటికి తెరిచి చూస్తే అమ్మ మొఖంల ఏం లేదు. సౌండ్ తక్కువైందేమో అనుకొని సలీం భాయ్‌కి చెయ్యి ఎత్తి "పెంచు" అన్న. ఆయన అనుమానంగ చూసిండు. "పెంచు భాయ్!" పెంచిండు. జనం కదిలిండ్రు. మా చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాపం, ఏడుస్తుంది అనుకున్న. మేనమామ తల కిందికేసుకుంటే భుజాలు అదురుతున్నయి. ఈయన గూడ ఏడుస్తుండు! నాకు ఇంకింత ఊపొచ్చింది. గట్టిగ కొట్టిన.

సలీం భాయ్ ఉరికొచ్చి నా చెయ్యి పట్టుకున్నడు. "క్యా బజారే మియా? ఏం కొడుతున్నవ్, వీడియో గేమ్ హై క్యా?"

హెడ్‌ఫోన్ ఒక చెవికెల్లి జరిపి ఒక ప్యాడ్ కొట్టిన. "ప్యూఁవ్!" అన్నది స్పీకర్. ఇంకోటి కొట్టిన. "టింగ్ టింగ్!"

అయిందేందంటే, ఇంట్ల ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ సౌండ్ ఒక్క హెడ్‌ఫోన్స్‌కే పోయేటట్టు పెట్టుకున్న. మార్చుడు మర్చిపోయిన. నేను తగ్గించింది గూడ నా చెవులకొచ్చే డబ్బా సౌండే, స్పీకర్లకు పోయేది గట్లనే ఉంది. డబ్బాల ఏదో గేమ్ సౌండ్ల కిట్ పడి ఉంది, నాకు సన్నగ ఇనవడుతుండె గనక పట్టించుకోలే. అరవై మంది బాపు కూడికల, కీర్తన మీద "ప్యూఁవ్ ప్యూఁవ్" ఇన్నరు. బాపు మాత్రం నా ఒక్కని చెవులల్లనే ఉన్నడు. బతికున్నప్పుడు ముంచిన, పోయినంక గూడ ముంచిన. అదే డబ్బాతోని! అంత జనంల నాకు బాపు మీద గింత ప్రేమ ఎప్పుడు రాలే, గింత సిగ్గు గూడ ఎప్పుడు కాలే.

సలీం భాయ్ స్పీకర్లు బంద్ చేసిండు. ల్యాప్‌టాప్ మొత్తం ఎతికినా ఆ సెట్టింగ్ యాడుందో దొరుకుతలేదు. అంతల అమ్మ లేచొచ్చింది. తిడతది అనుకున్న. నా తల మీదికెల్లి హెడ్‌ఫోన్స్ తీసింది.

"ఇందుల ఉన్నడా మీ బాపు?"

"ఉన్నడమ్మా. ఒక్క నిమిషం ఆగు, అందరికి ఇనిపిస్త."

"అందరు తర్వాత. ముందు నన్ను ఇననీ." కొంగు మీదికెల్లే హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. "కొట్టు."

కొట్టిన. టెంటు కింద అందరికి రబ్బరు మీద కట్టెల ఠప్ ఠప్ తప్ప ఏం ఇనస్తలేదు. ఈసారి ఎవ్వలు నవ్వలే. అమ్మ కండ్లు మూసుకొని నిలవడ్డది. మెల్లగ ఆమె కనుబొమ్మలు ముడిచింది.

"మీ బాపు ఎన్నడన్న గింత గట్టిగ కొట్టిండారా? గిది నువ్వే గదా."

నాలుగు దినాల బ్యాలెన్సింగ్ గంగల కలిసింది! వాల్యూమ్ తగ్గించిన. "ఇంకా" అన్నది. తగ్గించిన. "ఇంకా." నేను ఎక్కించిందంత దిగిపోయింది.

"ఆఁ," అన్నది అమ్మ. కండ్లు మూసుకునే ఉంది, నీళ్లు కారుతున్నయి. "గిప్పుడు ఆయనే."

ఆ కీర్తన దరువు అయ్యేదాంక ఆమె ఒక్కతే ఇన్నది. తర్వాత సెట్టింగ్ దొరికింది, డబ్బా సౌండ్ బంద్ చేసి స్పీకర్లల్ల అందరికి ఇనిపించిన, అమ్మ చెప్పిన లెవెల్లనే. ఎనక వరుసలోళ్లు "ఇనస్తలేదు, పెంచు" అని ఒర్లిండ్రు. "ముంగటికొచ్చి ఇనుండ్రి" అన్నది అమ్మ. కుర్చీలు గుంజుకుంట వచ్చిండ్రు.

పదేండ్ల సంది ఫంక్షన్లల్ల నేనే లెవెల్స్ పెడుతున్న. వాల్యూమ్ బటన్ ఎడమకు గూడ తిరుగుతదని నాకు మొన్ననే తెలిసింది.