బోణీ కాకముందే చింపిన పంచె

కొత్త గుడ్డను చింపితే ఒక చప్పుడొస్తుంది. కత్తెరతో అంచున చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో పట్టి లాగితే పర్రుమని ఈ కొస నుంచి ఆ కొసకు పోతుంది. దాని వెనకే గంజి వాసన లేస్తుంది. బలసముద్రంలో మా ఇంటి ముందుగదిలో నాకొక చిన్న గుడ్డల అంగడి ఉంది. రోజుకు పదిసార్లయినా ఆ చప్పుడు వింటాను. రంగు గుడ్డ చింపినప్పుడు ఏమీ అనిపించదు. తెల్లటి మల్లు తాను చింపినప్పుడు మాత్రం చేయి కాసేపు ఆగుతుంది. మొన్న అట్లా ఆగితే, కొనడానికి వచ్చినామె "ఏమ్మా, కొలత తప్పిందా?" అని అడిగింది. కొలత తప్పలేదు. సుశీలక్క గుర్తొచ్చింది, అంతే.

మీరు ఆమెను చూసి ఉండరు. కర్ణాటకలోనే ఉన్నా తెలుగు మాట్లాడే మా పావగడ బజారులో ఆమెది గుడ్డల అంగడి. భర్త పోయాక ఇరవై ఏళ్ళకు పైగా ఒంటిచేత్తో నడిపింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆమె అంగడిలో చీర చూపిస్తుంటే వీధి చివరి టీకొట్టులో వాళ్ళకు కూడా దాని అంచు రంగేమిటో తెలిసిపోయేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆమె నోరు మంచిదని నేను చెప్పలేను, కానీ ఊరు మాత్రం ఆమెతో మంచిగానే ఉండేది.

నేను ఆమె దగ్గర పనికి చేరింది మా ఊరి చేలల్లోకి సోలార్ కరెంటు ప్లాంటు వచ్చాక. మా నాలుగెకరాల శనక్కాయ చేను లీజుకిచ్చేశాం. మా ఆయన ప్లాంటులో పలకలు కడిగే పనికి కుదిరాడు, అత్త ఎప్పటిలాగే గొర్రెల వెంట పోయేది. నాకే ఏ పనీ లేకుండా పోయింది. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. కలుపు తీసీ కాయ కోసీ అలవాటైన చేతులు ఊరికే ఉంటాయా? గోడలు చూస్తూ కూర్చోలేక పావగడ బస్సెక్కాను. సుశీలక్క నన్ను పై నుంచి కిందిదాకా చూసి, "పది సదివినానంటావు, సరే. అబద్ధం చెప్పేది వచ్చునా?" అంది. "రాదక్కా" అన్నాను. "ఇదే పెద్ద అబద్ధం. రేపట్నుంచి రా" అంది.

ఆ అంగడిలో అన్నిటికన్నా పెద్ద చదువు బోణీ. పొద్దున మొదటి బేరం అయ్యేదాకా ఎన్ని కట్టుబాట్లో! "లేదు" అనే మాట నోట రాకూడదు. అడిగిన రంగు లేకపోతే "ఇది సూడక్కా, దీని ముందర అది ఏ మూలకు?" అనాలి. కత్తెర ఉత్తినే ఆడించకూడదు, ఆడిస్తే జగడం. ఎవరికీ చిన్న పీలిక కూడా ఊరికే ఇవ్వకూడదు. అంగడి వదిలి గడప దాటకూడదు. ఇవన్నీ నాకు ఆమే నేర్పింది. నేను భక్తిగా నేర్చుకున్నాను. ఎంత భక్తి అంటే, ఒకరోజు ఆమెనే గడప దాటనివ్వకుండా అడ్డుపడ్డాను.

ఆ రోజు పొద్దున తొమ్మిదిన్నరప్పుడు, అంగడి ఎదురుగా ఒక బైకు ఆటోను తప్పించబోయి జారింది. నడిపే మనిషి ఎగిరి కాలువ రాతి అంచు మీద పడ్డాడు. సోలార్ పనికి ఉత్తరాది నుంచి వచ్చినవాడు, ఒంటిమీద ఇంకా పని జాకెట్టు ఉంది. తల నుంచి నెత్తురు కారుతోంది. నిమిషంలో ముప్పైమంది చేరారు. చేరి, నిలబడ్డారు. ఫోన్లు పైకి లేచాయి. "ముట్టుకోవద్దండప్పా, కేసు మన మెడకు సుట్టుకుంటాది" అన్నాడొకడు. "ఎవురో ఏమో, ఈడోడు కాదు" అన్నాడింకొకడు. సోడా బండి ఆయన ఒక్కడే కదిలాడు. కదిలి, గోళీసోడా కొట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. మా వైపు ఎవరు ఎక్కడ పడినా మొదట చేసే వైద్యం అదే, నోట్లో సోడా పోయడం.

సుశీలక్క గల్లా దగ్గర నుంచి లేచింది. అరలోంచి ఒక మల్లు పంచె లాగి మడత విప్పింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ దాచను. నేను అడ్డం పోయి ఆమె చేయి పట్టుకున్నాను.

"అక్కా, ఇంకా బోణీ కాలేదు!"

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆమె కళ్ళలో భయం కనిపించింది. అంత గయ్యాళి మనిషిలో భయం చూడటం నాకు అదే మొదలు. "వదల్వే" అంది, గొంతు కూడా సరిగ్గా రాలేదు. పంచెను పర్రుమని చింపి గడప దాటింది.

గడప దాటగానే ఆమె గొంతు ఆమెకు తిరిగొచ్చింది. "నోట్లో పొయ్యద్దు! మత్తులో ఉండేవాడు ఎట్ల మింగుతాడప్పా? ఊపిరికి అడ్డం పడి సస్తాడు. ఆ సోడా నువ్వే తాగు!" ఇద్దరు ముందుకొచ్చి భుజాలూ కాళ్ళూ పట్టి ఎత్తబోయారు. "మెడ కదిలించద్దండి! మనిషనుకున్నారా, శనక్కాయ మూటనుకున్నారా?" అని వాళ్ళనూ ఉతికేసింది. గుడ్డను మందంగా మడిచి గాయం మీద అదిమిపట్టి, ఆ దుమ్ములోనే కూర్చుంది. "రత్నా, ఆంబులెన్సుకు ఫోన్ చెయ్యి. నిలబడి ఏం సూస్తావుండావు?" అని నా మీద అరిచింది. అతనికి తెలుగు రాదు, ఆమెకు హిందీ రాదు. అయినా "ఏం లేదు నాయనా, బండి వస్తావుండాది, ఏం లేదు" అని వదలకుండా మాట్లాడుతూనే ఉంది. అతను ఆమె కొంగు పట్టుకున్నాడు. బండిలో ఎక్కించేదాకా పట్టు విడవలేదు.

మధ్యాహ్నం పోలీసు ఒకాయన వచ్చాడు. నేను తానుల వెనక్కి జరిగాను. ఆయన మాత్రం నెమ్మదిగా, "నువ్వు సూసింది చెప్పమ్మా. పేరు చెప్పాలనుంటే చెప్పు, బలవంతమేం లేదు" అన్నాడు. ఆమె తన పేరు, తండ్రి పేరు, ఆయన అడగని తాత పేరు కూడా చెప్పింది. ఆయన టీ తాగి వెళ్ళిపోయాడు. ముప్పైమందిని కాళ్ళు కట్టేసి నిలబెట్టిన కేసు అంతటితో అయిపోయింది. తలకు కుట్లు వేశారని, మనిషి బాగున్నాడని రెండు రోజుల తర్వాత తెలిసింది.

ఆ రోజు సాయంత్రం నాలుగైనా అంగడిలో ఒక్క జాకెట్టు ముక్క తెగలేదు. ఆ మాట నా మొహం అనేసి ఉంటుంది. "అట్ల సూడద్దే. అవును, బేరం కాలేదు. మంచి చేస్తే లక్ష్మి ఎదురొస్తాదని నేను చెప్పినానా?" అంది. కాసేపు బీరువా తలుపు తెరిచి మూసి, మళ్ళీ తెరిచి, చివరికి నా వైపు చూడకుండానే చెప్పింది.

"మా ఆయన పోయిన కొత్తలో, ఇట్లనే పొద్దున్నే, ఇదే వాకిట్లో ఒక మనిషిని లారీ కొట్టేసి పోయింది. బోణీ కాలేదు, నెత్తురు కండ్లబడితే దినమంతా పాడైపోతాదని నేను షట్టర్ దింపినా రత్నా. లోపల చీకట్లో కూసున్నా. వాడు మూలిగేది వినపడతానే ఉండాది. అరగంటకు షట్టర్ ఎత్తితే ఎవురూ లేరు. నీళ్ళు కొట్టి కడిగేసినారు. సచ్చినాడో బతికినాడో, యా ఊరోడో, ఈ దినానికీ నాకు తెలీదు."

"ఎవుర్నన్నా అడగలేకపోయినావా అక్కా?"

"ఏమని అడిగేది? షట్టర్ దింపుకోని కూసున్నా, వాడేమైనాడో చెప్పండని అడగల్లా?"

షట్టర్ దింపిన ఆ రోజు తర్వాత ఆమె ఊరుకోలేదు. చీరలు కొనడానికి వచ్చే ఒక నర్సమ్మను కూర్చోబెట్టి, రక్తం ఎట్లా ఆపాలి, ఎవర్ని కదిలించకూడదు, ఏది తాగించకూడదు అని చదువుకునే పిల్లలా అడిగి నేర్చుకుందట. అదంతా నాకు నేర్పింది. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో తన మోచేయి చాపి, "అదుము. ఇంకా గట్టిగా. తీసి సూడద్దు, సూస్తే ఆగిన నెత్తురు మళ్ళీ మొదలైతాది" అని నా వేళ్ళు నొప్పి పుట్టేదాకా వదిలేది కాదు. "ఉరికేది ఒకటే కాదే, ఉరికి ఏం చెయ్యల్లో తెలుసుండల్ల. తెలీకుంటే పక్కన కూసోని మాట్లాడు, సాలు" అనేది.

నాకూ రోషం ఉంది. ఒకరోజు ఎదురు చెప్పాను. "నీకేమక్కా, నీ బజారు, నీ జనం. నేను పోయే సోలార్ దారిలో మనిషి అలికిడే ఉండదు. ఆడదాన్ని, ఒంటిగా బస్సు ఎట్ల దిగేది? భయం కాదా?"

"భయపడుకుంటానే దిగు. భయం పోయినాక దిగుతానంటే బస్సు ఊరు చేరిపోతాది" అంది, చీర మడత పెడుతూ.

రెండేళ్ళ తర్వాత ఆ రోజు రానే వచ్చింది. ఎండాకాలం, నాలుగున్నర బస్సు. సోలార్ కంచె పక్కన పోతుంటే రోడ్డు వారగా ఒక బైకు పడి ఉంది, దానికి ఇవతల ఒక మనిషి. బస్సంతా చూసింది. డ్రైవరు వేగం తగ్గించి, మళ్ళీ పెంచాడు. "ఎవురన్నా ఫోన్ చేసింటారులే" అన్నారు వెనక సీట్లో. ఆ మాట ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ మాట పట్టుకుని నేనూ కొంత దూరం కూర్చున్నాను. తర్వాత ఏమైందో, లేచి "ఆపండి!" అని అరిచాను. కండక్టరు, "నీకేమన్నా సుట్టమా అక్కా?" అన్నాడు. "సుట్టమే, ఆపు!" అన్నాను. అబద్ధం చెప్పడం నాకు బాగా వచ్చని సుశీలక్క తొలిరోజే కనిపెట్టింది మరి. దిగాను. నాతో ఇంకెవరూ దిగలేదు. బస్సు పోయింది. నేను వెనక్కి పరుగెత్తాను.

నలభై ఏళ్ళ మనిషి. తొడ మీద లోతుగా తెగింది, ప్యాంటు తడిసిపోయింది. ఎండకు తలమీద వేసుకున్న తువ్వాలు తీసి మడిచి అదిమాను. ఒక చేత్తో అదుముతూ ఇంకో చేత్తో ఫోన్ చేశాను. "ఎక్కడున్నారు?" అని కన్నడంలో అడిగారు. తలెత్తి చూశాను. కంటికి ఆనినంత దూరం ఒకే రకం నల్ల పలకలు, ఒకే రకం కంచె. చెట్టు లేదు, రాతిగుండు లేదు, బావి లేదు. ఆ మట్టిలో పుట్టి పెరిగినదాన్ని, ఎక్కడున్నానో చెప్పలేకపోయాను. నా చేతి కింద ఒకడి ప్రాణం కారిపోతోంది, నేనేమో "ఈడే, సోలార్ దగ్గర" అని ఏడుస్తున్నాను. సోలార్ దగ్గరంటే ఎన్ని మైళ్ళు!

ఇంతలో ఆంబులెన్సు డ్రైవరే నేరుగా ఫోన్ చేశాడు. "అక్కా, నాదీ ఈ పక్క నిడుగల్లే. ఏడ్వద్దు. ఈ ప్లాంట్ల నంబర్లు నాకూ అర్థం కావు. ముందర ఆడ ఎవురి చేను ఉండేది, అది చెప్పు" అన్నాడు.

రోడ్డు వంపు చూశాను. వంక నీళ్ళు పారే వాలు చూశాను. పలకల్ని మనసులోనే తీసేసి చూశాను. "నల్లగుండ్ల చేను దాటినాక, వంకలోకి దిగే తావు."

"ఆఁ, తెలిసె. అదిమిపట్టుకోనుండు."

బండి వచ్చేదాకా నేను తువ్వాలు తీసి చూడలేదు. "ఏం లేదన్నా, వస్తావుండాది, ఏం లేదు" అని మాట్లాడుతూనే ఉన్నాను. స్ట్రెచరు మీదికి ఎక్కించేటప్పుడు ఆ మనిషి కళ్ళు తెరిచి నా వైపు చూశాడు. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడట. నెల తర్వాత అతని భార్య వెతుక్కుంటూ అంగడికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. బజారును హడలెత్తించే సుశీలక్క తానుల వెనక్కి పోయి ముక్కు చీదుకుంది.

కిందటేడు ఆమె మంచం పట్టింది. అప్పటికి నేను సొంత అంగడి పెట్టుకున్నాను. ఆ ధైర్యమూ ఆమె ఇచ్చిందే. సరుకు కోసం పావగడ పోయినప్పుడల్లా ఆమె ఇంటికి పోయేదాన్ని. పోగానే, "ఆ బస్సు దిగింది మళ్ళీ చెప్పు" అనేది. చెప్పేదాన్ని. "కండ్లు తెరిచినాడా?" అనేది. "తెరిచినాడక్కా." "ఇప్పుడు నడుస్తాడా?" "గొర్రెలు తోలుకోని కొండెక్కుతాడంట." వయసు మీద పడి మతిమరుపేమో అనుకున్నాను మొదట్లో. ఎన్నిసార్లు చెప్పినా మొదటిసారి విన్నట్టే వినేది.

ఒకరోజు కథంతా విన్నాక దుప్పటి అంచును, గుడ్డ నాణ్యం చూసినట్టు, వేళ్ళతో నలిపింది. తర్వాత, "రత్నా, నేను షట్టర్ దింపినాను గదా. వాన్ని ఎవురో ఒకరు ఎత్తుకోని పోయింటారు గదా?" అంది.

ఇన్నిసార్లు ఆ కథ ఎందుకు చెప్పించుకుందో నాకు అప్పుడు తెలిసింది.

"పోయింటారక్కా" అన్నాను.

"బతికింటాడా?"

"బతికింటాడు. కండ్లు తెరిచింటాడు."

ఆమె నా చేయి పట్టుకుని కళ్ళు మూసుకుంది. పదిరోజులకు పోయింది. నాకు పని నేర్పింది, బతుకు నేర్పింది. ఆమె పేరు చెప్పుకోకుండా నేను నా అంగడి తలుపు తియ్యను. ఆ తర్వాత మరో రెండుసార్లు బస్సు దిగాను. రెండుసార్లూ భయం పోలేదు, రెండుసార్లూ బస్సు నన్ను వదిలి పోయింది. ఆమె వాకిట్లో పడ్డ మనిషి ఏమయ్యాడో నాకేం తెలుసు? ఎవరో ఒకరు వచ్చి ఉంటారని మాత్రం, చావబోయే మనిషి చేయి పట్టుకుని చెప్పాను. ఆ మాట నిజం కావాలని దిగుతున్నాను.