గోడ మీది గుట్ట

ఏడో తరగతిలో మూడేళ్లు కదలకుండా కూర్చున్నవాణ్ణి నేను. నాలుగో ఏడు బడివాళ్లే దండం పెట్టి పంపించారు. ఫోటో తీసేవాడికి కదలకుండా ఉండడమే అసలు విద్య అని తర్వాత తెలిసింది. కాబట్టి నా చదువు వృథా పోలేదు.

కల్వకుర్తిలో పెళ్లి ఫోటోలు తీసి బతుకుతాను. పెళ్లిలో నైపుణ్యం పెద్దగా అక్కర్లేదు. ఫ్లాష్ వెలగాలి, పెళ్లికూతురు తెల్లగా రావాలి, అంతే. అలాంటి నన్ను మా మామ గుట్ట ఫోటో అడిగాడు.

మామ అంటే నా భార్య తండ్రి, గొర్ల కాపరి. ఊరి వెనక గుట్ట మీద నలభై ఏళ్లుగా మందను మేపుతున్నాడు. ఆ గుట్టను ఇప్పుడు కంకర క్రషర్‌కు ఇచ్చేశారు. మిషన్లు అప్పటికే కింద వచ్చి నిలబడ్డాయి.

"గుట్ట పోతది అల్లుడా. దాన్ని ఆపుడు నాతోని గాదు. గొర్లతోని కలిపి ఒక్క ఫోటో తియ్యి, ఇంట్ల పెట్టుకుంట" అన్నాడు.

మొదటి రోజు పొద్దుగూకే వేళ వెళ్లాను. తక్కువ వెలుతురులో కెమెరా చూపు పెంచే ఐఎస్‌ఓను ఫంక్షన్ హాల్లో పెంచినట్టే పెంచేశాను. చిన్న తెర మీద బాగానే కనబడింది. పెద్దగా ప్రింటు తీయించి ఇస్తే మామ దాన్ని అరచేత్తో తుడిచి చూశాడు.

"గుట్ట మీద ఉప్మా రవ్వ జల్లినవేంది?"

రెండోసారి బుద్ధి తెచ్చుకున్నాను. స్టాండు పెట్టి, ఐఎస్‌ఓ వందకు దించి, తెల్లవారుజామున తీశాను. వెలుతురు చాలక షట్టర్ ఒక సెకను తెరిచే ఉంది. రాయి రాయీ విడిగా, అద్దంలా వచ్చింది. రవ్వ మచ్చుకైనా లేదు.

"గొర్లేవి?"

"ఇగో మామా, గీ తెల్లగ, ఎర్రగ..."

"పొగ గిది. గుట్టకు అగ్గి పెట్టినవా?"

"కదిలినయి మామా. గొర్లు జర కదలకుంటే మంచిగొస్తది."

"గొర్రె కదలకుంటే దవాఖానకు తీస్కపోత గని, ఫోటో తీపిస్తనా?"

అలా అన్నాడు గానీ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఎల్లుండి నుంచి గుట్టెక్కనియ్యరంట. రేపు పొద్దుగాల రా. ఉప్పు వెడత."

ఆ రాత్రి వాన పడి గాలిలో దుమ్మంతా కడిగేసింది. పొద్దున్నే మామ బండ మీద చిన్న చిన్న కుప్పలుగా ఉప్పు పోశాడు. గొర్లు బారుగా నిలబడి తలలు దించి నాకడం మొదలుపెట్టాయి. పెళ్లి పందిట్లో ఏ బంధువులూ నా ముందు అంత బుద్ధిగా నిలబడలేదు. గాలికి స్టాండు వణుకుతుంటే మామ తన గొంగడిలో రాళ్లు మూటగట్టి దానికి వేలాడదీశాడు. ఎండ పక్కనుంచి వాలింది. నా వేలు కూడా తగలకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టాను. అలవాటుగా "నవ్వండి" అనబోయి నాలుక కరుచుకున్నాను.

గొర్ల చెవులు లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా వచ్చింది.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చోగానే పెళ్లిచేతులు ఊరుకోలేదు. ఎండుగడ్డికి పచ్చరంగు ఎక్కించాను, ఆకాశానికి పట్టుచీర నీలం కట్టాను. మామ ఆ ప్రింటును దూరంగా పట్టుకుని చూశాడు.

"ఎవలిది గీ గుట్ట?"

"మనదే మామా!"

"గింత పచ్చగుంటే, గడ్డి కోసం నలభై ఏండ్లు ఎండకాలమల్ల మందనేసుకొని శ్రీశైలం అడవి దాకా ఎందుకు వోత?"

మళ్లీ స్టూడియోకు వెళ్లాను. రంగులన్నీ దించేశాను. ఎండుగడ్డి ఎండుగడ్డిలా, ఎర్రమట్టి ఎర్రమట్టిలా, వానకు తడిసిన బండ నల్లగా మిగిలాయి. ఫ్రేము కట్టించి నేనే గోడకు తగిలించాను. మామ దగ్గరికొచ్చి ఫోటోలో ఒకచోట వేలు పెట్టాడు.

"గీ బండల సందుల మా నాయిన కూసునేటోడు."

అప్పుడే గుట్టవైపు నుంచి మిషన్ చప్పుడు మొదలైంది. మామ మొహం చూడలేక, నాకు తెలిసిన ఒకే ఒక్క ఓదార్పు, అంటే వేళాకోళం, బయటికి తీశాను.

"ఇగ ఫికర్ లేదు మామా. గుట్ట పోతే పోనియ్యి, గోడ మీదున్నది గద!"

మామ నావైపు తిరిగాడు.

"నా బిడ్డ ఫోటో గూడ నీ గోడ మీదున్నది గద అల్లుడా. ఇగ నీకేం ఫికర్, పిల్లను మా ఇంటికి తోలియ్యి."