కంచం చిన్నబోకుండా

నా చిన్నప్పుడు మా ఇంట్లో బజారు ఖర్చు అన్నది పెద్దవాళ్ళ మాట. పిల్లలకు దానితో పని ఉండేది కాదు. ఆకలేస్తే కంచం ముందుకు వచ్చేది, తినేవాళ్ళం, ఆటకి పరిగెత్తేవాళ్ళం. ఆ మాట నా దాకా వచ్చింది నేను ఏడో తరగతి పాసైన వేసవిలో. మా ఊళ్ళో బడి ఏడుతో సరి. ఆపైన చదవాలంటే రోజూ బస్సెక్కి బందరు హైస్కూలుకి వెళ్ళాలి.

మాది పెడన దగ్గర చిన్న ఊరు. మా నాన్న కలంకారీ అద్దకం పని చేసేవారు. చెక్క అచ్చుని రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి, పైన అరచేత్తో చరిచే ఆ చప్పుడు వింటూనే పెరిగాను నేను. పని బాగానే ఉండేది గానీ వానలు పడితే గుడ్డ ఆరక ఆగిపోయేది. అందుకని వచ్చింది వచ్చినట్టే ఇంటికి సరిపోయేది. బస్సు ఖర్చు, పుస్తకాలు, బట్టలు అనేసరికి నాన్న తల వంచుకుని కూర్చున్నారు.

అప్పుడు అమ్మ, "బజారు ఖర్చులో మిగిల్చి నేను చదివిస్తాను" అంది.

దానికి మా తాతయ్య, అంటే నాన్నకు తండ్రి, ఒప్పుకోలేదు. నా చదువంటే ఆయనకు అయిష్టం కాదు. రోజూ సాయంత్రం నాచేత పేపరు చదివించుకుని మురిసిపోయేవారు. కానీ ఆయన చిన్నతనంలో మగ్గం ఆడని రోజుల్లో గంజి తాగి పడుకున్న మనిషి. తన ఇంట్లో ఎవరూ సగం కడుపుతో లేవకూడదన్నది ఆయన పట్టుదల. "కంచాల్లోంచి తీసి బడికి కట్టడం నాకిష్టం లేదమ్మాయ్" అన్నారు.

"కంచాల్లోంచి కాదు మావయ్యగారూ, సంచిలోంచి తీస్తాను" అంది అమ్మ.

తాతయ్య ఒక షరతు పెట్టారు. బడి తెరిచేదాకా చూస్తారట. ఈలోగా ఏ పూటైనా ఇంట్లో ఒక్క కంచం చిన్నబోయినా ఆ మాట అక్కడితో ఆఖరు. అమ్మ సరేనంది. నా కళ్ళు మాత్రం తమ్ముడి మీదికి పోయాయి. అసలే వాడు ముద్ద ముద్దకీ వంక పెట్టే రకం.

అమ్మ మొదట చేసిన పని, మమ్మల్ని కొట్టుకి పంపడం మానెయ్యడం. అప్పటిదాకా పొయ్యి మీద బాణలి పెట్టాక ఆవాలు లేవనో కారం అయిపోయిందనో నన్నో తమ్ముణ్ణో మూల మీది కొట్టుకి తరిమేది. పొట్లాల్లో తెచ్చుకున్న సరుకు ఎప్పుడూ ప్రియమే. ఈసారి మినుములు, పెసలు రైతుల ఇళ్ళ దగ్గరే పొట్టుతో కొని, పక్కింటి అక్కతో కలిసి తిరగలిలో విసిరింది. ఎండుమిరపకాయలు తెచ్చి కారం ఇంట్లోనే దంచింది. పప్పు చెరిగితే వచ్చిన పొట్టు పక్కింటి వాళ్ళ గేదెకు వెళ్తే, అక్కణ్ణించి చెంబుడు మజ్జిగ మా ఇంటికి వచ్చేది.

కూరగాయలకు నన్ను వెంటబెట్టుకుని పెడన బజారుకి నడిచి వెళ్ళేది. పొద్దునపూట కాదు. గంపలతో వచ్చినవాళ్ళు ఇళ్ళకు వెళ్ళే తొందరలో ఉండే సాయంత్రం వేళకి. మొదటిరోజు నేను ఎదర కనిపించిన వంకాయలు చూసి, "ఇవి కొందామా అమ్మా, రేపు వంకాయ కూర చెయ్యొచ్చు" అన్నాను.

"కూర అనుకుని బజారుకి రాకూడదే. బజారంతా చూశాక అప్పుడు కూర అనుకోవాలి" అంది.

ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, ఎవరి గంపలో ఏది ఎక్కువ మిగిలిందో చూసుకుని, అప్పుడు కూర్చునేది. గీచి గీచి బేరం ఆడేది కాదు. "మిగిలినవన్నీ నేనే తీసుకుంటాను, నీకు మోత తగ్గుతుంది కదమ్మా" అనేది. అమ్మే ఆవిడ ముఖం కూడా తేలికపడేది. అలా ఎక్కువొచ్చిన వంకాయలు, దొండకాయలు కోసి ఎండబెడితే ఒరుగులయ్యేవి. బీరకాయలో కండ కూరకి, తొక్కు పచ్చడికి. గానుగ దగ్గర నువ్వుల నూనె తీసేశాక మిగిలే తెలగపిండి చవగ్గా దొరికేది, మునగాకు దొడ్లోనే ఉండేది. ఆ రెండూ కలిపి అమ్మ కూర వండితే తమ్ముడు వంక కోసం వెతికాడు. గిన్నె ఖాళీ అయ్యాక వెతికితే ఏం దొరుకుతుంది!

మిగిలిన డబ్బు అమ్మ వారం వారం నాన్న చేతికిచ్చేది. ఆయన రేకు పెట్టెలో దాచేవారు. తాతయ్య మాత్రం భోజనాల దగ్గర అందరి కంచాల వంకా ఒకసారి చూసి గానీ మొదటి ముద్ద పెట్టుకునేవారు కాదు. ఆ చూపే నన్ను ఎక్కువ భయపెట్టేది.

ఇంకో నాలుగు రోజుల్లో బడి తెరుస్తారనగా, పెళ్ళి బట్టల పని మీద పెడన వచ్చిన మా మేనత్త అత్తమామలు సరిగ్గా పొయ్యి మీద ఎసరు పెట్టే వేళకి మా ఇంటికి వచ్చారు. గుడివాడలో బట్టల కొట్టు ఉన్నవాళ్ళు. చెప్పాపెట్టకుండా వచ్చామే అని వాళ్ళు మొహమాటపడుతుంటే, "ఎంత మాట, భోంచేశాకే ప్రయాణం" అని తాతయ్య మంచం వాల్చారు.

నాన్న గబగబా వంటింట్లోకి వచ్చారు. "ఇవాళ కూరేంటి?" అని గొంతు తగ్గించి అడిగారు.

"తెలగపిండి."

"వియ్యాలవారికి తెలగపిండా? పరువు పోతుంది. ఉండు, పెట్టెలో డబ్బు తీసుకుని కోడిని తెస్తాను."

గుమ్మం పక్కన నిలబడ్డ నాకు, బందరు బస్సు నన్ను ఎక్కించుకోకుండానే వెళ్ళిపోతున్నట్టనిపించింది.

"ఆ పెట్టె జోలికి వెళ్ళకండి. అది పిల్లది" అంది అమ్మ. కోపంగా అనలేదు. పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ, "మీరెళ్ళి వాళ్ళతో కబుర్లు చెప్పండి. పరువు సంగతి నేను చూసుకుంటాను" అంది.

నాచేత మునగాకు దూయించింది, చింతచిగురు అరచేతుల్లో నలిపించింది. కృత్తివెన్ను వైపు నుంచి సైకిలు మీద తెచ్చి అమ్మే ఎండు రొయ్యపొట్టు డబ్బాలో ఉంటే, దాన్ని వేయించి చింతచిగురులో కలిపింది. బీరతొక్కు పచ్చడి రోట్లో నూరింది. గుమ్మడి వడియాలు, ఊరమిరపకాయలు నూనెలో పొంగాయి. పక్కింటి అక్క గిన్నెడు పాలు పంపితే బియ్యపు నూకలు, బెల్లం వేసి పరమాన్నం వండింది. ఇంట్లో లేనిదేదీ బయటి నుంచి కొనలేదు. నిండు కంచాలు వరసగా పెట్టి, చీరకొంగు దోపుకుని, తొణక్కుండా వడ్డించింది.

మేనత్తగారి అత్తగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు.

"ఇది తెలగపిండేనా అమ్మాయ్?"

"అవునండి పిన్నిగారూ."

"మా అమ్మ పోయాక మళ్ళీ ఇవాళే తినడం. ఇంకాస్త వెయ్యమ్మా" అన్నారావిడ. ఆవిడ భర్తగారైతే రొయ్యపొట్టుతోనే సగం అన్నం తినేసి, పచ్చడి దేనిదని అడిగారు. బీరకాయ తొక్కుదని చెప్పగానే భార్య వంక చూసి, "మనింట్లో ఇది గేదె తింటోందే!" అన్నారు. అందరూ విరగబడి నవ్వారు. నాన్న కూడా నవ్వారు. ఆ తర్వాత మారు వడ్డించే గరిటె ఆయనే అందుకున్నారు.

భోజనాలయ్యాక చుట్టాలు అరుగు మీద నడుం వాల్చారు. అమ్మ వంటింట్లో తన కంచం ముందు కూర్చుంది, పక్కన నేను. ఎప్పుడూ వంటింటి గడప దాటని తాతయ్య లోపలికి వచ్చారు. అమ్మ కంగారుగా లేవబోయింది.

"లేవకు. నీ కంచం చూపించమ్మాయ్" అన్నారు.

నాకేమీ అర్థం కాలేదు. తాతయ్య గోడకు చెయ్యి ఆనించి మెల్లగా చెప్పారు. "మా అమ్మ రోజూ మేమంతా తిన్నాక, వండేటప్పుడే తినేశానర్రా అనేది. మేం నమ్మేవాళ్ళం. నమ్మి నమ్మి ఆవిణ్ణి చిన్న వయసులోనే పోగొట్టుకున్నాం. ఇన్నాళ్ళూ అందరి కంచాలూ చూశాను. నీది చూడలేదు. నువ్వు మిగిలిస్తున్నది నీ కడుపులోంచేమోనని నా భయం."

అమ్మ కంచం ముందుకు జరిపింది. అన్నం, తెలగపిండి, రొయ్యపొట్టు, పచ్చడి, రెండు వడియాలు, ఊరమిరపకాయ, పక్కన చిన్న గిన్నెలో పరమాన్నం. చుట్టాలకి పెట్టినవన్నీ అందులో ఉన్నాయి.

"వడ్డించకముందే నా వాటా తీసి పెట్టుకుంటాను మావయ్యగారూ. రోజూ అంతే. నేను పస్తుంటే అది మిగల్చడం ఎలా అవుతుందండీ?"

తాతయ్య కండువాతో ముఖం తుడుచుకున్నారు. "తిను తల్లీ" అని మాత్రం అని బయటికి వెళ్ళారు. మరుక్షణం అరుగు మీది నుంచి ఆయన గొంతు, వీధి చివరిదాకా వినిపించేలా, "బావగారూ, మా మనవరాలు బందరు హైస్కూల్లో చేరుతోంది. మా కోడలు చేర్పిస్తోంది!" అంది. 'మా కోడలు' అన్నప్పుడు ఆ గొంతులో ఉన్న గర్వం, ఆయన పేపరు విని మురిసినప్పుడు కూడా నేను వినలేదు.

నేను అమ్మ వంక చూశాను. అమ్మ నవ్వుకుంటూ తన వడియం తనే కరకరా నమిలింది.

నేను బందరులో చదివాను. ఆ తర్వాత పంతులమ్మనై, ఎంతోమంది ఆడపిల్లలకు పాఠం చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు సరుకులు ఫోనులో నొక్కితే గుమ్మంలోకి వస్తున్నాయి. నెల ఖర్చు చేతిలో ఆగడం లేదని నా దగ్గర చదువుకున్నవాళ్ళే వచ్చి పొదుపు చిట్కాలు అడుగుతుంటారు. తెలగపిండి గురించి, ఒరుగుల గురించి చెప్తాను. చెప్పేముందు మాత్రం, "మీ ఇంట్లో ఆఖరున తినేదెవరు? వాళ్ళకి ఏం మిగులుతోంది?" అని అడుగుతాను.

మా ఇంట్లో వండిన మనిషి వాటా ముందు తీసిపెట్టాకే మిగతావాళ్ళకి వడ్డన. కోడలు వండితే ఆమె వాటా నేను తీస్తాను. మా అబ్బాయి వండిన రోజున వాడిది. ఆ కంచం నిండుగా ఉందని కళ్ళారా చూసుకున్నాకే నేను పీట మీద కూర్చుంటాను.