చచ్చిపోయిన రాక్షసుడికి వన్స్ మోర్

ఆ ఏడాది దసరా సెలవులయ్యాక మా బడిలో ఎవరికీ ఊపిరాడలేదు. పొద్దున వెళ్లగానే మరుగుదొడ్లకి ఫొటో తీసి ఫోన్లో ఎక్కించాలి, తర్వాత కోడిగుడ్లకి, ఆ తర్వాత మా మొహాలకి. ఒకరోజు నా మొహం మరుగుదొడ్ల ఖాతాలో పడిందని పీఈటీ సారు పది మందికీ చెప్పుకుని మరీ నవ్వాడు. ఇన్ని ఫొటోల మధ్య పాఠం ఎప్పుడు చెప్పాలో మాత్రం ఏ పైవాళ్లూ సెలవియ్యలేదు.

మాది రేపల్లె దాటాక నిజాంపట్నం దారిలో ఉన్న హైస్కూలు. నేను తెలుగు టీచర్ని. ఖోఖోలో మా ఆడపిల్లలు బాపట్ల దాకా వెళ్లి రెండో స్థానం తెచ్చారు. సైన్స్ ఫెయిర్‌కి చేపలు ఎండబెట్టే సోలార్ పెట్టె చేసి, చేపలతో సహా బస్సెక్కిస్తే, జనం మమ్మల్ని నడిరోడ్డు మీద దింపెయ్యమని గోల చేశారు. జడ్జీలు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, దూరం నుంచే మెచ్చుకుని, సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపేశారు.

మా హెడ్మాస్టరు గారికి సర్టిఫికెట్లు ఆనవు. షీల్డు కావాలి. ఆయన గదిలో ఒక అద్దాల బీరువా ఉంది. అందులో సుద్దముక్కల పెట్టెలు తప్ప ఏమీ లేవు. గదిలోకి వచ్చినవాళ్లంతా దానికేసే చూస్తున్నారని ఆయన బెంగ.

అలాంటప్పుడు తెనాలిలో బడిపిల్లలకి పద్యనాటకాల పోటీ అని కబురొచ్చింది. పర్యావరణం మీద ఉండాలట.

"మీది తెనాలే కదండీ మేడమ్! నాటకం మీ రక్తంలోనే ఉంటుంది" అన్నారాయన.

నా రక్తంలో ఉన్నది బీపీ అని చెప్పినా వింటేనా! చచ్చినట్టు కూర్చుని ప్లాస్టికాసురుడనే రాక్షసుణ్ణి పుట్టించాను. పాత నైటీకి క్యారీబ్యాగులు కుట్టి వేషం, నీళ్ల సీసాలు కోసి కిరీటం. హార్మోనియానికి పీఈటీ సారు. ఆదివారాలు చర్చిలో వాయించేది ఆయనే.

రాక్షసుడి వేషం ఒక తొమ్మిదో తరగతి పిల్లకి ఇచ్చాను. నిజాంపట్నం పక్కన చేపలు పట్టేవాళ్ల పల్లె దానిది. అది పాడుతుంటే మిగతావాళ్లు వినపడటం లేదని చర్చి క్వయర్‌లోంచి కూడా తీసేశారట. పద్యం ఎత్తుకుందంటే పక్క క్లాసులో లెక్కలు ఆగిపోయేవి.

వేషం ఇచ్చిన రోజు అది నన్ను ఒక్కటే అడిగింది.

"టీచర్, పోటీ మా నాన్న ఒడ్డుకొచ్చే రోజు పెట్టించండి."

"మీ నాన్న బోటుని బట్టి పోటీలు పెడతారటే?"

"మా నాన్న నేను పాడగా ఎప్పుడూ వినలేదు టీచర్. ఎప్పుడు చూసినా సముద్రంలోనే ఉంటాడు. ఈ ఒక్కసారి వినాలండి."

గట్టిగా కసురుదామనుకున్నదాన్ని, బోటు ఎప్పుడొస్తుందో కనుక్కోమన్నాను. అదృష్టం బాగుండి, పోటీ రోజు పొద్దున్నే బోటు వచ్చేస్తుందని తెలిసింది. ఆ సంగతి బడిలో అది చెప్పని మనిషి లేడు.

నా భయం వేరే. తెనాలివాళ్లకి పద్యం వింటే ఒక జబ్బుంది. నచ్చిందంటే "వన్స్ మోర్" అంటారు. అన్నాక పాడి తీరాలి. నా చిన్నప్పుడు యుద్ధంలో నేలకూలిన వీరుడు, జనం వన్స్ మోర్ అనగానే లేచి, బట్టలు దులుపుకుని, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపోవడం కళ్లారా చూశాను. ఈ పోటీలో ఒక్కో బడికీ ఇరవై నిమిషాలే. దాటితే బహుమతి లేదు.

"ఎవరు వన్స్ మోర్ అన్నా లేవకూడదు. చచ్చినవాళ్లు చచ్చినట్టే పడుండాలి. తెలిసిందా?" అని పిల్లలందరి చేతా ఒట్టు వేయించుకున్నాను.

రేపల్లెలో పాసింజరెక్కాం. వేషం నలిగిపోకుండా రాక్షసుణ్ణి ఇంటి దగ్గరే తయారు చేసి తెచ్చాం. రైలు పెట్టెలో ఒకావిడ, "అమ్మాయ్, ఒక సంచి ఇలా తే, వంకాయలు జారిపోతున్నాయి" అంటూ రాక్షసుడి భుజం మీద నుంచి ఒకటి పీక్కుంది. నేను లేచేలోగా వంకాయలు అందులోకి వెళ్లిపోయాయి కూడా.

తెనాలిలో మా వంతు దగ్గర పడుతోంది. పిల్ల తండ్రి నాకు ఫోన్ చేశాడు. "బస్సెక్కానండి. రైలు గేటు పడిందండి, ఆగిపోయామండి." మా వంతు వెనక్కి జరపమని నిర్వాహకుల్ని బతిమాలాను. కుదరదన్నారు. పిల్ల తెర పక్క నుంచి తొంగి చూస్తూనే ఉంది.

"మా నాన్న రాలేదు టీచర్."

"వస్తాడులే. నువ్వెక్కు ముందు" అని నెట్టాను. పాపం, ఏం చెయ్యను!

నాటకం ఎక్కడా తడబడలేదు. చివర్లో రాక్షసుడు చస్తూ నా ఆటవెలది అందుకున్నాడు:

చంపగలరె నన్ను జనులార మీరలు
మురుగుకాల్వలోన మూల దాగి
మీదు సంచిలోన మీనమ్ము కడుపులో
తిరిగి లేచి వత్తు దిబ్బమీద!

చివరి మాట మీద రాగం సాగదీసి సాగదీసి, దబ్బున పడింది. ఇంకొక్క నిమిషం ఉంది. తెర వేస్తే షీల్డు మాదే. హెడ్మాస్టరు గారు నా పక్కన నిలబడి అప్పుడే చొక్కా సర్దుకుంటున్నారు.

సరిగ్గా అప్పుడు వెనక తలుపు తోసుకుని ఒక లుంగీ మనిషి వచ్చాడు. చేతిలో రొయ్యల సంచి.

"అయ్యో! అయిపోయిందా?"

హాలు మొత్తం వినపడింది. కూతురికి ఆ గొంతు ఎక్కడిదో నాకప్పుడు తెలిసింది.

"ఇప్పుడే చచ్చిపోయాడయ్యా" అన్నారెవరో.

"నేను వినలేదండీ! వన్స్ మోర్!"

ముందు వరసలో పంచెల పెద్దమనుషులు దీనికోసమే కాచుకుని ఉన్నట్టున్నారు. "వన్స్ మోర్! వన్స్ మోర్!" అని అందుకున్నారు.

రాక్షసుడు కదల్లేదు. ఒట్టు నిలబెట్టుకుంది పిచ్చిది. కానీ ఒంటి మీద సంచులన్నీ గలగలలాడుతున్నాయి. కళ్లు తెరిచి నాకేసి చూసింది. నల్లరంగు మీద నీళ్లు చారలు కట్టాయి.

"వద్దు మేడమ్, తెర వేయించండి" అన్నారు హెడ్మాస్టరు గారు.

హార్మోనియం మీద చేతులు ఆపి పీఈటీ సారు కూడా నన్నే చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో ఇప్పటికీ చెప్పలేను.

"శ్రుతి ఇవ్వండి సారూ!"

"టైము అండీ..."

"టైమూ లేదు, గాడిదగుడ్డూ లేదు! ఇవ్వండి! లేవే, ఇంకా పడుకున్నావేంటే!"

లేచింది. తండ్రికేసి తిరిగి ఎత్తుకుంది. మధ్యలో టైము గంట కొట్టారు. గంట మీద నుంచి పాడింది. రెండోసారి చావడం మొదటిసారి కంటే ఎంతో బాగుంది.

షీల్డు కొల్లూరువాళ్లు పట్టుకుపోయారు.

తిరుగు రైల్లో హెడ్మాస్టరు గారు మూతి ముడుచుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. పిల్ల రంగు మొహంతోనే తండ్రి ఒళ్లో నిద్రపోయింది. ఆ తండ్రి ఎంతకీ తలెత్తడే!

"నా వల్ల బహుమతి పోయిందంట కదండీ టీచర్ గారూ."

"పోతే పోయిందిలే అన్నయ్యా."

ఆయన కూతురి మొహం మీది రంగు లుంగీ అంచుతో తుడిచాడు.

"సముద్రం మీదుంటే ఫోను అందదండి. ఇంట్లో ఏం జరిగినా అయిపోయాకే నాకు తెలుస్తాదండి. ఇది పుట్టినప్పుడూ అంతేనండి, మా అమ్మ పోయినప్పుడూ అంతేనండి. అయిపోయింది నాకోసం మళ్లీ జరగటం ఇదే మొదలండి."