ఎల్లాజీ లాగిన్

దెయ్యాలు, గాలి సోకడాలు నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. పోర్ట్ బ్లెయిర్‌లో చిన్న చిన్న దుకాణాలకి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టడం, అది మొరాయిస్తే వెళ్ళి బాగుచేయడం నా పని. కొందరు కంప్యూటర్‌కి నిమ్మకాయలు కడతారు, కీబోర్డుకి పసుపు రాస్తారు. ఆ పసుపు లోపలికి పోయి మీటలు పనిచేయవని వాళ్ళని కసిరిన నోరు నాది.

లాగిన్ అవడం లేదని ఫోన్ వస్తే కారణం ఎప్పుడూ మామూలుదే ఉంటుంది. క్యాప్స్ లాక్ నొక్కి వదిలేసి ఉంటారు. కంప్యూటర్‌లో తేదీ తప్పి ఉంటుంది. లైసెన్సు గడువు తీరిపోయి ఉంటుంది. లేదంటే ఒకరు తెరిచి మూయడం మరిచిపోతే ఇంకొకరికి తెరుచుకోదు. ఇన్నేళ్ళలో కారణం దొరకని సమస్య నాకు ఒక్కటే తగిలింది. అది జంగ్లీఘాట్‌లో, నూకరత్నం వాళ్ళ చేపల దుకాణంలో.

రత్నం భర్త ఎల్లాజీ. అతనికి ఇంజను డోంగీ, చిన్న చేపల పడవ, ఉంది. ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వేటకి వెళ్తాడు, ఒక్కోసారి కొన్ని రోజులు సముద్రం మీదే ఉండిపోతాడు. అతను తెచ్చిన చేప, పక్క పడవల చేప కలిపి హోటళ్ళకి పంపే వ్యాపారం రత్నం చూసుకుంటుంది. సాయానికి మరిది సింహాచలం ఉన్నాడు. ఇంటి ముందు గదే దుకాణం, ఉన్నది ఒకటే కంప్యూటర్. ఒకసారికి ఒక్కరే లోపల ఉండగలిగే చౌక లైసెన్సు తీసుకున్నారు.

ఆ ఇంట్లో ఒక అలవాటు ఉంది. రత్నం అత్తగారు బతికున్న రోజుల్లో, కొడుకు వేటకెళ్తే అతను తిన్న పళ్ళెం కడిగి బోర్లించేది కాదట. అతను తిరిగొచ్చేదాకా అది వెల్లకిలా ఉండాల్సిందే. అత్త పోయాక రత్నం దానికి తన వంతుగా ఒకటి చేర్చింది. ఎల్లాజీ పడవెక్కిన రోజు కంప్యూటర్‌లో అతని పేరుతో లాగిన్ అవుతుంది. అతను ఒడ్డుకొచ్చేదాకా దాన్ని మూయదు. ఇన్వర్టర్ మీద అది రాత్రింబవళ్ళు వెలుగుతూనే ఉంటుంది. ఆ రోజుల్లో కొట్టిన ప్రతి బిల్లు కింద ఎల్లాజీ పేరే పడుతుంది, అతను గల్లా దగ్గర కూర్చుని ఉన్నట్టే. అతను తిరిగొచ్చాక రత్నం మళ్ళీ తన పేరుకి మారుతుంది. ఇది నాకు తెలిసినప్పుడు నవ్వాను. కరెంటు దండగ అని కూడా అన్నాను.

మొన్నటి వాయుగుండం వానలకి కరెంటు పోయి, ఇన్వర్టర్ కూడా అయిపోయి ఆ కంప్యూటర్ ఆరిపోయింది. కరెంటు వచ్చాక లాగిన్ కావడం లేదని మర్నాడు పొద్దున్నే, వాన వెలిశాక, సింహాచలం ఫోన్ చేశాడు. నేనుండే గరాచర్మ నుంచి బస్సులో వెళ్ళాను. దుకాణంలో అతను ఒక్కడే ఉన్నాడు. అన్న వేటకెళ్ళాడనీ, వదిన జెట్టీ దాకా వెళ్ళిందనీ చెప్పాడు. అంతకుమించి చెప్పలేదు. బయట హోటల్ బండి నిలబడి ఉంది, ఐసు కరుగుతోంది.

ఎల్లాజీ పేరుతోనూ, రత్నం పేరుతోనూ ప్రయత్నించాను. రెండిటికీ ఎల్లాజీ ఇప్పటికే లాగిన్ అయి ఉన్నారని వచ్చింది. ఇది నేను వందసార్లు చూసిందే. కంప్యూటర్ హఠాత్తుగా ఆరిపోతే పాత లాగిన్ మూసుకోకుండా వేలాడుతూ ఉండిపోతుంది. మరమ్మతుకి వాడే నా సర్వీసు లాగిన్‌తో లోపలున్నవాళ్ళ జాబితా తెరిచి, ఎల్లాజీ పేరు తీసేశాను. రత్నం పేరు తీసుకుంది. సింహాచలం బిల్లు మొదలుపెట్టాడు. సగంలో ఉండగా తెర ఖాళీ అయింది. ఎల్లాజీ లాగిన్ అయినందున మీ పని ఆగిపోయిందని వచ్చింది.

ఎవరో ఎక్కడి నుంచో తెరుస్తున్నారనుకున్నాను. ఎల్లాజీ ఫోన్ ఎక్కడని అడిగాను. ఉప్పునీళ్ళలో ఒకటి పాడయ్యాక అతను ఫోన్ ఇంట్లోనే వదిలి వెళ్తున్నాడట. సింహాచలం లోపలి నుంచి తెచ్చి చూపించాడు. ఆఫ్ చేసి ఉంది. రౌటర్ వైరు పీకేశాను. ఇంటర్నెట్ లేదని కంప్యూటరే చెప్పింది. ఎల్లాజీ పాస్‌వర్డ్ మార్చి, నాకు తప్ప ఎవరికీ తెలియనిది పెట్టాను. అప్పుడు రెండోసారి అతన్ని తీసేశాను.

సింహాచలం బిల్లులో రెండు వరసలు కొట్టేలోగా ఎల్లాజీ మళ్ళీ లోపలున్నాడు.

ఈ సాఫ్ట్‌వేర్‌తో నేను ఎప్పుడూ ఓడిపోలేదు. నాకు కోపం వచ్చింది. వేలాడే లాగిన్ అయితే జాబితాలో పేరు పక్కన చూపే చివరి కదలిక సమయం పాతదై ఉండాలి. ఇక్కడ అది మారుతోంది. ఆగి, మళ్ళీ మారుతోంది. నెట్ లేని కంప్యూటర్‌లో, ఎవరికీ తెలియని పాస్‌వర్డ్‌తో. ఇక మిగిలింది ఒక్కటే, ఆ యూజర్‌నే చెరిపేయడం. పాత బిల్లులు పోవు, పేరు మాత్రం పోతుంది, తర్వాత కొత్తగా పెట్టుకోవచ్చు.

“డిలీట్ కర్ దో దీదీ,” అన్నాడు సింహాచలం. “గాడీ ఖడా హై. పేరే కదా, ఏటవుతాది?”

ఖాయంగా చెరిపేయమంటారా అని తెర అడుగుతోంది. నా వేలు మౌస్ మీద ఉంది. అప్పుడు రత్నం లోపలికి వచ్చింది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసిపోయి ఉన్నాయి. తెర మీద మొగుడి పేరు, పక్కన ఆ ప్రశ్న చూసింది. ఆమెకి ఇంగ్లీషు పెద్దగా రాదు, కానీ ఆ పెట్టె ఏమడుగుతుందో ఆ వ్యాపారం చేసే ఎవరికైనా తెలుసు.

“అది ఉండనీండి దీదీ,” అంది. “పడవలన్నీ వచ్చేసేయి. ఈయన పడవే రాలేదు. ఆయన వచ్చీదాకా తియ్యకండి.”

సింహాచలం గోడ వైపు తిరిగాడు. అతను నాకు చెప్పకుండా ఉంచింది అదే. వాయుగుండం ముందు బయల్దేరిన డోంగీ తిరిగి రాలేదు. వెతకడానికి ఓడ వెళ్ళింది. చేపలు కుళ్ళిపోకూడదని అతను బిల్లులు కొడుతున్నాడు, అన్న గురించి నోటితో అంటే నిజమైపోతుందని భయపడి ఊరుకున్నాడు.

వద్దు అన్న బటన్ నొక్కాను. నమ్మి నొక్కలేదు. ఆమె ముఖం చూశాక మొగుడి పేరు చెరపడానికి నాకు చెయ్యి రాలేదు, అంతే. ఆ రోజు బిల్లులు చేతితో రాసి పంపారు.

ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. అమ్మమ్మ వాళ్ళది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. ఇన్ని కంప్యూటర్లు చూసిన దానివి నువ్వు కూడా ఇలా మాట్లాడతావేమిటని అంటుందనుకున్నాను. మంచి పని చేశావని మాత్రం అని అన్నం పెట్టింది.

మర్నాడు నా పాత లాప్‌టాప్ పట్టుకెళ్ళాను. పెద్ద కంప్యూటర్‌ని ముట్టుకోకుండా, వాళ్ళ బ్యాకప్ ఇందులోకి ఎక్కించి, పని నడిచేలా చేద్దామని. రత్నం కంప్యూటర్ ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంది. రాత్రంతా అక్కడే ఉందట. తెర మీద ఆ జాబితానే తెరిచి ఉంచుకుంది. ఎల్లాజీ పేరు, పక్కన చివరి కదలిక సమయం. అది మారినప్పుడల్లా ఆమె పమిట కొంగుతో ముఖం తుడుచుకునేది. అది మారడం బాగా తగ్గిపోయింది. నేనూ లాప్‌టాప్ సంగతి మరిచి దాన్నే చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ఆ పేరు పోయింది. ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. మౌస్ నా దగ్గరా లేదు, ఆమె దగ్గరా లేదు. సింహాచలం గుమ్మంలో ఉన్నాడు. జాబితా ఖాళీ అయింది. లాగిన్ పెట్టె వచ్చి, పేరు కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

“ఇప్పుడేటైంది దీదీ?” అంది రత్నం.

ఏ ఎర్రరు వచ్చినా ఇందుకని చెప్పడమే నా బతుకు. అందుకే డబ్బులిస్తారు. ఆమెకి నేనేం చెప్పను? మనిషి ఇంటికొస్తే ఆమె మూసేది కాబట్టి, మూసుకుందంటే వచ్చాడనా? లేక ఇక ఎప్పటికీ రాడనా? నాకు ఏడుపొచ్చింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. చన్నీళ్ళలా ఉంది.  వంటింటి గట్టు మీద ఎల్లాజీ పళ్ళెం వెల్లకిలా ఉండటం నాకు కనిపిస్తూనే ఉంది.

సింహాచలం ఫోన్ మోగింది. ఉత్తరాన ఉన్న రంగత్ దీవి నుంచి. అక్కడి పడవవాళ్ళు ఇంజను పాడైన ఎల్లాజీ డోంగీని తాడు కట్టి లాక్కొచ్చారు. ముగ్గురూ బతికే ఉన్నారు. ఇప్పుడే ఒడ్డుకి దింపారు, ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు అని చెప్పారు.

రత్నం కుప్పకూలి ఏడ్చింది. తర్వాత లేచి వెళ్ళి, ఆ పళ్ళెం కడిగి బోర్లించింది.

కంప్యూటర్‌ని నేను అరిచేతిలో పెట్టి చూసినట్టు చూశాను. వైరసు లేదు, ఇంకో మనిషి లేడు, సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదు. తయారుచేసిన కంపెనీ వాళ్ళకి వివరాలన్నీ పంపాను. ఇలా జరగడానికి వీల్లేదని జవాబిచ్చారు. నాకూ తెలుసు.

కొన్ని వారాల తర్వాత లైసెన్సు పొడిగించడానికి వెళ్తే ఎల్లాజీ ఉన్నాడు. చిక్కిపోయాడు, పెదాల మీద ఇంకా పొక్కులున్నాయి. టీ తాగుతూ తనంతట తనే చెప్పాడు. ఇంజను చచ్చాక నీళ్ళూ అయిపోయాయట. తోడువాళ్ళిద్దరూ స్పృహ లేకుండా పడున్నారు. పడవలోకి ఎక్కిన నీళ్ళు తోడుతున్నది తనొక్కడే. వాన వెలిసిన రోజు పొద్దున, చేతుల్లో శక్తి పోయిందట.

“రెండుసార్లు ఒదిలేసేను దీదీ. బస్, ఖతమ్ అనుకున్నాను. రెండుసార్లూ ఎవరో జబ్బ పట్టుకుని లేపి కూకోబెట్టేరు. అమ్మే అనుకున్నాను.”

ఎప్పుడని అడిగాను. పొద్దు ఇంకా నెత్తి మీదికి రాలేదన్నాడు. ఒకదాని వెనక ఒకటి, పెద్దగా తేడా లేకుండా జరిగాయన్నాడు. ఆ తర్వాత మళ్ళీ అలా కాలేదట, నిదానంగా నీళ్ళు తోడుతూనే ఉన్నాడట.

వాన వెలిసిన ఆ పొద్దున నేను ఎక్కడ కూర్చుని ఎవరి పేరు రెండుసార్లు తీసేశానో రత్నానికి తెలుసు. సింహాచలం చెప్పే ఉంటాడు. ఆమె నా వైపు చూసింది. బిస్కెట్ల పళ్ళెం నా ముందుకి జరిపింది. నేను టీ గ్లాసుని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. ఎల్లాజీ చలేస్తోందా అని అడిగి ఫ్యాన్ తగ్గించాడు. అతనికి నేను చెప్పలేదు, ఇప్పటికీ.

ఎల్లాజీ బతికున్న మనిషి కాబట్టి దీన్ని దెయ్యం కథ అనడానికి కూడా లేదు. ఏమనాలో నాకు తెలియదు. అదే సమస్య ఇప్పటికీ వారానికొకసారైనా ఎక్కడో ఒకచోట వస్తుంది, ఫలానా ఆయన ఇప్పటికే లోపలున్నారని. తీసేయడం నిమిషం పని. కానీ ఇప్పుడు మౌస్ పట్టుకునే ముందు ఒక మాట అడుగుతున్నాను, ఈయన ఇప్పుడెక్కడున్నారని. దుకాణాలవాళ్ళు ఇదేం ప్రశ్న అని నవ్వుతారు. నవ్వనీ. ఆ మనిషి ఓడలో ఉన్నాడంటే, ఒడ్డు చేరాడని ఫోన్ వచ్చేదాకా కూర్చుంటాను.