తప్పుడు రీడింగు చెప్పిన బాయిలర్ మనిషి

నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతి. అయితేనేం, బట్టల మిల్లులో ముప్పైనాలుగేళ్లు బాయిలర్ నడిపాను. నా చేతికింద పదకొండుమంది పని నేర్చుకున్నారు. నా షిఫ్టులో మిల్లు ఆవిరి లేక ఒక్క గంట కూడా ఆగలేదు. గంటకోసారి లేచి, ఆవిరి ఒత్తిడి చూపే గేజి చూసి పుస్తకంలో రాయాలి. లేవడానికి బద్ధకించి, కూర్చున్నచోటే పాత అంకె దింపేసేవాళ్లు ఉంటారు. అలాంటి ఇద్దరి చేతుల్లోంచి కలం లాక్కుని బయటికి పంపాను. గొప్పలు పోతున్నాననుకుంటారేమో, గొప్పే కాబట్టి చెబుతున్నాను.

అరవై ఏడో ఏట నా కుడి కిడ్నీలో కాన్సర్ గడ్డ బయటపడింది. కిడ్నీ తీసేశారు. పన్నెండో రోజుకల్లా వీధి చివరిదాకా నడిచి వచ్చాను.

"ఎవరికి చూపించడానికి ఈ ఊరేగింపు? కుక్కలు తప్ప చూసేవాళ్లెవరున్నారు?" అంది నా భార్య.

ఎనిమిది నెలలకు తీసిన స్కానులో ఊపిరితిత్తుల్లో మూడు చిన్న మచ్చలు కనిపించాయి.

డాక్టరమ్మ మా అమ్మాయి ఈడుది. కాగితం మీద ఆరు గీతలు గీసింది. "పెద్దాయనా, ముందు ముందు ఎలా ఉంటుందో అంచనా కట్టడానికి ఈ ఆరూ చూస్తాం" అంది. రక్తం తగ్గిందా, కాల్షియం పెరిగిందా, తెల్లకణాలు మితిమీరాయా, ప్లేట్‌లెట్లు ఎక్కువయ్యాయా. ఈ నాలుగూ పరీక్షలే చెప్పాయి, నాలుగూ బాగున్నాయి. ఐదోది, జబ్బు తెలిసిన ఏడాదిలోపే మందు అవసరం పడిందా అని. ఏడాది నిండలేదు కాబట్టి అక్కడ ఒక గుర్తు పడింది. ఆరోది, మనిషి తన పనులు తాను చేసుకోగలడా అని. దానికి నా నోరే గేజి.

"అలసట ఉందా? పగలు పడుకుంటున్నారా?"

"పడుకోవడమా! నేనా? మొన్ననే ఇంటి నీళ్ల మోటారు విప్పి బిగించాను. రాళ్లు తిని హరాయించుకుంటాను."

"మరి బరువు తగ్గారే?"

"కావాలనే తగ్గించానమ్మా."

ఆమె నవ్వింది. "మీరు గట్టిగానే ఉన్నారు. అయితే మందుకి తొందరేం లేదు, మూడు నెలలు ఆగి మళ్లీ స్కాను తీద్దాం."

పరీక్ష పాసైనవాడిలా ఉబ్బిపోయి తలుపుదాకా వెళ్లాను. నా భార్య కుర్చీలోంచి కదల్లేదు.

"ఏమండీ, మోటారు విప్పింది పోయినేడు. మొన్న మీ చొక్కా గుండీలు కూడా నేనే పెట్టాను." డాక్టరమ్మ వైపు తిరిగింది. "అమ్మా, ఈయన పొద్దున పదింటికి మంచమెక్కితే మధ్యాహ్నం మూడింటికి దిగుతారు. అన్నం కెలికి వదిలేస్తారు. బెల్టుకి రెండు కొత్త చిల్లులు పొడిచాను."

"ఏమే, నా పరువు తీస్తావా?"

"పరువు పోతే పోనివ్వండి, మనిషి మిగలాలి కదా! మిల్లులో ఇద్దర్ని గెంటేశారే, వాళ్లు చేసిందీ ఇదేగా?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. వెనక్కి వచ్చి కూర్చున్నాను.

"రాసుకోండమ్మా. సగం పగలు మంచం మీదే ఉంటున్నాను. తిండి సయించడం లేదు. స్నానానికి స్టూలు కావాలి."

డాక్టరమ్మ రెండో గుర్తు పెట్టింది. కోప్పడలేదు. "ఇది తెలియకపోతే మూడు నెలలు ఊరికే పోయేవి. ఇక ఆగొద్దు. మందు ఈ వారమే మొదలుపెడదాం."

"ఎన్నాళ్లుంటాను?"

"మీలాంటి గుర్తులున్నవాళ్లలో సగంమంది ఇంతకాలం దాటుతారు, సగంమంది దాటరు" అని ఒక అంకె చెప్పింది. "మీ ఒక్కరి సంగతి మాత్రం నేను చెప్పలేను."

ఆ అంకె ఇక్కడ రాయను. అది నలుగురినీ కలిపి తీసిన లెక్క, నాది కాదు.

ఇప్పటికి ఆరుసార్లు మందు ఎక్కింది. వెళ్లినప్పుడల్లా ఆమె అడుగుతుంది, దురద ఉంటే దురద అంటాను, నీరసముంటే నీరసం అంటాను. తలవంచుకుని మాత్రం చెప్పను. పోయిన స్కానులో ఒక మచ్చ కనపడలేదు, మిగతా రెండూ పెరగలేదు.

"చూద్దాం పెద్దాయనా" అంది డాక్టరమ్మ.

"చూడండమ్మా. నేనూ ఇక్కడే ఉండి చూస్తాను" అన్నాను.