గనీ పెయింటర్ రాసే అర్థాలు

మరిపెడలో ఆటో కొన్నవాడు ముందు గుడికో దర్గాకో పోయి, తర్వాత అబ్దుల్ గనీ దగ్గరికి వస్తాడు. వెనుక రేకు మీద ఏదో ఒకటి రాయించకుండా బండి రోడ్డెక్కదు. గనీ చదివింది ఐదో తరగతి. ఇంగ్లీషు మాత్రం ఒక పాత నిఘంటువు చూసి నేర్చుకున్నాడు. చిత్తుకాగితాల బండి మీద దొరికిన ఆ పుస్తకానికి అట్ట లేదు, మొదటి యాభై పేజీలూ లేవు. అందుకే ఆయనకు ఇంగ్లీషు 'బి' అక్షరంతో మొదలవుతుంది. ప్రేమ కూడా.

బిలవెడ్, బ్యూ, స్వెయిన్, స్వీట్‌హార్ట్. ఇంగ్లండులో ఈ మాటలు పలికేవాళ్లు ఇంకా ఉన్నారో లేదో గానీ, మరిపెడ నుంచి తండాలకు మాత్రం రోజూ తిరుగుతున్నాయి. ఆయనకు ఒకటే పట్టింపు. ఇంగ్లీషు మాట పెద్దగా రాస్తే, దాని కింద చిన్న అక్షరాలతో తెలుగు అర్థం ఉండాల్సిందే.

"అర్థం లేకుంటే గది మాట గాదు బేటా, డిజైన్" అంటాడు.

అర్థాలూ ఆ పుస్తకంలోవే. 'బ్యూ' కింద 'స్త్రీల వెంట తిరుగు సొగసుకాడు' అని రాయించుకున్న ఒక డ్రైవరు మూడోనాడే వచ్చి తుడిపించుకున్నాడు. వాళ్లావిడ చదివిందట.

పోయిన మాఘమాసంలో నరేశ్ వచ్చాడు. తండా పిల్లవాడు, సొంత ఆటో. మాన్‌సింగ్ కూతురు దీపను రెండేళ్లుగా డిగ్రీ కాలేజీకి దింపి తీసుకొస్తున్నాడు. ఆదివారం ఆమెను చూసుకోవడానికి వేరే తండా వాళ్లు వస్తున్నారు. ఆలోపు తన మనసు ఆమెకు తెలియాలి. తండాలో ఇంగ్లీషు బాగా వచ్చింది ఆమె ఒక్కదానికే.

"అందరి ముందట ఉండాలె చాచా, ఆమెకొక్కదానికే సమజ్ గావాలె."

గనీ చాలాసేపు పేజీలు తిప్పి 'బిట్రోథ్డ్' దగ్గర ఆగాడు. రాత్రికి బండి అక్కడే వదిలి, మర్నాడు పొద్దున ప్యాసింజర్లను నిలబెట్టి వచ్చిన నరేశ్, ఎర్రటి పెద్ద అక్షరాలను దూరం నుంచే చూసి మురిసి, బండి తీశాడు. కింద ఏముందో చూడలేదు. డ్రైవరు కూర్చునేది ముందు కదా, వెనుక రాత ఊరివాళ్లకు.

'పెండ్లికై పరస్పరము మాట ఇచ్చుకొనినవారు.'

ఆ ఆటో రోజూ ఆగేది మాన్‌సింగ్ గుమ్మం ముందు. మధ్యాహ్నానికల్లా తండా అంతా చదివింది.

మరుసటి రోజు గనీ ఇంటి ముందు అదే ఆటోలోంచి మాన్‌సింగ్ దిగాడు. పక్కన దీప. నడుపుకుంటూ వచ్చింది నరేశే, తల ఎత్తకుండా.

"గనీ భాయ్, ఎవలు ఇచ్చుకున్నరయ్యా మాట? నా ఇంట్ల ముచ్చట నాకే తెల్వదా?"

"నా సొంతం ఒక్క అక్షరం లేదన్నా. పుస్తకంల ఉన్నదే రాసిన."

"పరస్పరము అని నువ్వే రాసినవ్ గద చాచా" అంది దీప. "నేనేం ఇయ్యలే. నరేశ్ అడగనే లేదు."

లోపల్నుంచి గనీ భార్య హసన్ బీ గొంతు వినిపించింది. "ముప్పై అయిదేండ్ల సంది నాతోని 'చాయ్ పెట్టు' తప్ప ఇంకో మాట లేదు. ఊరోళ్ల ప్రేమకు అర్థాలు జెప్పవట్టిండు!"

"తుడువు దాన్ని" అన్నాడు మాన్‌సింగ్.

"తుడిస్తే ఇంకింత అనుమానపడతరు బాపు. దిద్దాలె." దీప పుస్తకం అందుకుని పేజీలు తిప్పి వేలు పెట్టింది. "గిది రాయి చాచా. సూటర్. కన్యను వివాహమునకు అడుగువాడు."

"అది మాత్రం నిజమా? అడగలేదంటివి గదా!" అన్నాడు మాన్‌సింగ్.

అందరూ నరేశ్ వైపు చూశారు. ఒక్క మాట అడగలేక ఇంత ఇంగ్లీషు రాయించినవాడు ఆటో హ్యాండిల్ గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

"చూడు బేటా" అన్నాడు గనీ, బ్రష్ రంగులో ముంచి. "అబద్ధం అర్థం రాసుడు నాతోని గాదు. అడుగుతవా, ఇంకో మాట ఎతకమంటవా?"

నరేశ్ దిగి దీప ముందు నిలబడ్డాడు. తండా భాషలో ఏదో అడిగాడు, నాలుగు మాటలుంటాయేమో. దీప అంతకంటే తక్కువలో జవాబు చెప్పింది. మాన్‌సింగ్ ఫోన్ తీసి, ఆదివారం రావొద్దని ఎవరికో చెప్పాడు.

ఆ భాషకు గనీ దగ్గర నిఘంటువు లేదు. బ్రష్ నుంచి రంగు చెప్పు మీద కారుతోంది.

"ఏమన్నరన్నా? ఇప్పుడేం రాయాలె?"

మాన్‌సింగ్ వెనుక సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

"ఏం రాయకు. ఉన్నది ఉండనియ్యి."